కేటగిరీ ఒకటి

పుత్తూరులో కట్టు కట్టించుకొని
రోడ్డు మీదికొచ్చేటప్పటికి పగలు రెండయింది.
మోచేతి కాణ్ణించి మణికట్టు దాకా
వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన, తెల్లగుడ్డ.
ఇంకా తడి ఆరలే.
నారాయణవనం రోడ్డులో కుక్క అడ్డమొచ్చింది.
కుక్క బాగానే ఉండాది.

నేను కరెంటు మీటర్లు చూసేవాణ్ణి.
నెల మొదట్లో దినానికి రెండు నూర్ల గడపలు,
ఒక్కటీ దాటేది లేదు.
ఏ ఇంట్లో ఏం తిరగమాత పడిందో
పంచలో నిలబడే చెప్పగలను.
చెప్తే ఏమొస్తుంది,
"బిల్లు ఆడ పెట్టి పో" అంటారు లోపల్నించి.

ఆ పొద్దు నొప్పి కంటే ఆకలే జాస్తి.
రైలు గేటు పక్క సందులో
నీలం రేకు మీద ఎర్ర పెయింటు, వంకర అక్షరాలు:
దేశమ్మ మెస్. ఇంటి భోజనం.
లోపల నాలుగు బల్లలు,
మూడేండ్ల నాటి విత్తనాల క్యాలెండరు.
కూర్చున్నోళ్ళలో సగం మంది కట్లోళ్ళే.
ఒకాయనకి కాలు, ఒక పిల్లోడికి భుజం,
గాజులు తీసి కొంగున ముడేసుకున్న ఒకామె.
ఆ ఊర్లో మెస్సంటే అంతేనేమో.

చెంగల్రాయులు ఆకు వేసినాడు.
నా చెయ్యి చూసి నీళ్ళు కూడా ఆయనే చల్లినాడు.
ఆవిరి కక్కతా సంగటి ముద్ద వచ్చింది,
నడిమధ్య గుంత, గుంతలో నెయ్యి.
పక్కన ఊరిబిండి, పుల్లగూర, రెండు చీలికల ఎర్రగడ్డ.
నేను ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకోని
చూస్తా కూర్చున్నా.
మా అవ్వ ఉంటే
ఆ చేతి మీద గరిటెతో ఒకటేసేది.

చెమ్చా అడగబోతే
పొయ్యి కాణ్ణించి దేశమ్మే వచ్చింది.
"సంగటికి చెమ్చా ఏంది, పాయసమా అది?"
ఆకు తన పక్కకి తిప్పుకునింది.
చెంబులో వేళ్ళు ముంచి
ముద్దని ఉసిరికాయలంత తుంచి
ఒక్కోదానికీ ఊరిబిండి అద్ది
ఆకు అంచున వరసగా పెట్టింది.
పదకొండు. లెక్కపెట్టినా, అలవాటు.
"ఎడంచేత్తో తింటే..."
"కట్టు పడినోడికి కుడేంది, ఎడమేంది.
నమలొద్దు నైనా, మింగు."

మింగినా.
కారం నసాళానికంటి కండ్లల్లో నీళ్ళొస్తే
నొప్పికనుకున్నాడు కాలు కట్టాయన,
తన మజ్జిగ గ్లాసు ఇట్ల జరిపినాడు.
కారానికే అని నేను చెప్పలే.

దుడ్లిచ్చేటప్పుడు చూసినా,
తలుపు వెనక మీటరు,
మేకుకి గుచ్చిన బిల్లులు.
కేటగిరీ ఒకటి. అంటే ఇల్లు.
దుడ్లు తీసుకోని అన్నం పెడితే రెండు.
ఎడంచేత్తో చిల్లర లెక్కపెట్టుకోని
బయటికొచ్చేసినా.
కట్లు మార్చినప్పుడల్లా పోయినా,
మూడు కట్లు, మూడు భోజనాలు,
మూడుసార్లూ ఆ మేకు కనబడకుండా కూర్చున్నా.

కట్టు విప్పిన నెలకి
ఆ లైనే నాకు వేసినారు.
మిషను మెడకి తగిలించుకోని గడప కాడ నిలబడితే
"రాసుకునేది తర్వాత, ముందు తిను" అనింది.
నా కుడిచెయ్యి సన్నబడి, పాలిపోయి,
ఎవుర్దో అరువు తెచ్చుకున్నట్టుండాది.
"చెయ్యి వచ్చిందే" అని ఒకసారి చూసి
పక్కబల్ల కట్టు దగ్గరికి పోయింది.
నా ముద్ద నేనే తుంచినా.
గుండ్రంగా రాలే.

ఆకు పక్కన మిషను
ఎర్ర లైటు ఆర్పతా వెలిగిస్తా అడగతా ఉండాది,
కేటగిరీ ఒకటా, రెండా?
రెండు నొక్కాల.
రూలు నాకు తెలుసు, ఆమెకీ తెలిసే ఉంటుంది.
ఇంటి భోజనమని బోర్డు రాయించింది ఆమే.
గల్లా దగ్గర చెంగల్రాయులు
నోట్లు మడత తీసి సర్దతా ఉండాడు, అదీ నిజమే.

"ఇంకో ముద్ద?"
తల ఊపినా.
ఒకటో రెండో, ఏది నొక్కేదానికైనా
వేళ్ళ నిండా ఊరిబిండి.